అరగని కల్వం

మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబుకు కొత్తగా వచ్చిన అటెండరమ్మ దొర్నిపాడు నుంచి రోజూ బస్సెక్కి నంద్యాలకు వస్తుంది. పని కంటే టీ బాగా చేస్తుందని ఆమె మీద ఒక మాట ఉంది, నేను కాదనను. మొన్న సోమవారం పదకొండు గంటల క్లాసు ముగించుకుని వచ్చి కూచుంటే పక్కగదిలోంచి టకటకమని చప్పుడు, దాని వెనకాలే పచ్చి అల్లం వాసన. గ్లాసు చేతికి వచ్చినాక ఒక గుక్క తాగి, అల్లం దేంతో దంచినావమ్మా అని అడిగినాను. స్టోరు రూములో పాత పేపర్లో చుట్టిపెట్టిన బుల్లి రోలు దొరికిందంట. కడిగి వాడుకుంటాండా మేడం అని తెచ్చి చూపించింది. దోసిట్లో పట్టేంత గిన్నె, బూడిదరంగు గ్రానైటు, అంచు చుట్టూ సన్నటి తామరరేకుల వరస, జతగా బొటనవేలి లావు నూరుడు గుండు. చేతిలో టీ చల్లారిపోయింది. ఆ గిన్నెను పేపర్లో చుట్టి స్టోరు రూము అటక మీదికి తోసింది నేనే. మరిచిపోయినానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చింది కూడా నేనే.

అది రోలు కాదు, కల్వం. నాటు వైద్యులు మందులు నూరే పాత్రను అట్లంటారు. చేసింది మా చిన్నమామ, మా అమ్మకు తమ్ముడు. ఆళ్ళగడ్డలో రోడ్డు పక్కన రేకుల షెడ్లలో విగ్రహాలు చెక్కేవాళ్ళలో ఆయన ఒకడు. మనిషిని తిట్టడానికి ఒక్క క్షణం ఆలోచించడు గానీ రాయిని ఎన్నడూ తిట్టినవాడు కాదు. కొత్త రాయి లారీ దిగితే సుత్తితో నాలుగుచోట్ల తట్టి, చెవి ఆనించి, పెండ్లిచూపులకు పోయినవాడి మాదిరి చాలాసేపు కూచుంటాడు. ఆయన దగ్గర కొన్న విగ్రహానికి ముక్కు ఊడిందని గానీ వేలు విరిగిందని గానీ ఇంతవరకు ఎవరూ తిరిగి రాలేదని ఆయన గొప్ప. "నా రాయి అరగదు, ఇరగదు. అరిగేదుంటే నేనే అరగల్ల" అనేవాడు. ఆ మాట ఎంత నిజమో అప్పుడు ఆయనకూ తెలీదు, నాకూ తెలీదు.

కల్వం కథ చెప్పాలంటే నా పీహెచ్‌డీ సంగతి చెప్పాల. నలభై దగ్గరపడుతున్నప్పుడు నాకు ఆ దురద పుట్టింది. పాఠాలు చెప్తూనే, వేరే ఊరి యూనివర్సిటీలో ఒక గైడు కింద రిజిస్టరు చేసుకుని, నానో పదార్థాల మీద పని మొదలుపెట్టినాను. పదార్థమంటే పెద్దదేమీ కాదు, ఒక తెల్లటి పొడి. ద్రావణాలు కలిపి, ఆ ముద్దను ఎండబెట్టి, ఫర్నేసులో కాల్చి, చల్లారినాక గంటలకొద్దీ మెత్తగా నూరల్ల. అందులో ఒక్కో రేణువు, వెంట్రుకను నిలువునా వెయ్యి చీలికలు చేస్తే ఒక చీలిక ఎంతో అంత ఉంటుంది. ఆ పొడిని చిన్న పలక మీద పొరలాగా పూసి కరెంటు పంపిస్తే, చుట్టూ గాలిలో చెడ్డ గ్యాసు చేరినప్పుడు పసిగడుతుంది. మామకు ఇదంతా వివరించి చెప్తే ఆయన తాపీగా విని, "చెడుగాలి పసిగట్టేదానికి మీ అత్త ముక్కు చాలదా పాపా" అన్నాడు. అత్త పొయ్యి దగ్గర్నుంచే ఏదో అనింది, అది రాయలేను.

నూరడానికి అగేటు అనే గట్టిరాయితో చేసిన కల్వం కావాల. కొనివ్వమని కాలేజీ ఆఫీసుకు ఇండెంటు పెడితే తిరిగొచ్చింది. పైన ఎర్రసిరాతో, ఫిజిక్సుకు రోలెందుకు, హోం సైన్సు వాళ్ళనడగండి అని రాసినారు. ఈ ముచ్చట మామకు నవ్వుతూ చెప్పినాను. ఆయన నవ్వలేదు. "రాయి కావల్లంటే నన్నడగల్ల గానీ వాళ్ళనెందుకు అడగడం" అని కోపం చేసుకున్నాడు. వారం తిరక్కముందే ఈ కల్వం చేసి, తుండుగుడ్డలో కట్టుకుని, నంద్యాల బస్సెక్కి స్వయంగా తెచ్చిచ్చినాడు. లోపల అద్దం మాదిరి నునుపు, చెయ్యి పెడితే జారిపోతాంది. ల్యాబంతా తిరిగి చూసి, ఫర్నేసును తట్టి చూసి, "ఇంత చదువు చదివి చివరికి రోట్లో నూరుకుంటాండావు, మీ అమ్మ ఇంట్లోనే నేర్పించింటాది గదా" అని పోయినాడు. పోయినాక ఆళ్ళగడ్డ షెడ్లన్నిటికీ చెప్పుకున్నాడంట, మా పాప పరిశోధన నా రాతిలోనే జరుగుతాంది అని.

ఏడాది పాటు దాంట్లోనే నూరినాను. నూరిన పొడిని యూనివర్సిటీకి పంపితే ఎక్స్‌రే కొట్టి గ్రాఫు ఇస్తారు. ప్రతి పదార్థానికీ గ్రాఫులో తనవైన చోట్ల మొనలు లేస్తాయి, వాటిని పీకులంటాం. (ఇన్నేండ్లు చదివి ఏం పీకినావని మామ అడిగితే చూపించడానికి నాకు ఆ కాయితాలు ఉండె.) నా గ్రాఫులో నా పొడి పీకులన్నీ ఉన్నాయి. వాటి నడుమ ఒకటి ఎక్కువ ఉంది. నెల రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. కలిపే రసాయనాలు మార్చినాను, ఫర్నేసు తుడిచినాను, నీళ్ళను అనుమానించినాను. అది మాత్రం పోలేదు. చివరికి గైడు గ్రాఫును దగ్గర పెట్టుకుని చూసి, ఇది క్వార్ట్జ్ కదమ్మా, దేంట్లో నూరుతున్నావు అని అడిగినాడు. క్వార్ట్జ్ అంటే పలుగురాయి, సిలికా. గ్రానైటులో తళుక్కుమనే మచ్చలు అవే. నూరిన ప్రతిసారీ మామ కల్వం కంటికి కనపడనంత సన్నంగా అరిగి నా పొడిలో కలుస్తాంది.

గైడు తన దగ్గరున్న అగేటు కల్వం ఇచ్చినాడు. పీకు మాయమైంది. ఆ ఆదివారమే ఆళ్ళగడ్డకు పోయినాను, సంగతి మామకు చెప్పేద్దామని. నిజం చెప్తున్నా, చెప్పాలనే పోయినాను. అప్పటికి షెడ్డులో ఉలి సుత్తి తగ్గి చక్రం తిరిగే కట్టింగు మిషను వచ్చింది. మామ ఒక నంది ముందు గొంతుకూచుని మిషను పట్టుకున్నాడు; తల, కనుబొమలు, చేతులు తెల్లటి పిండిలో దొర్లించినట్టుండాయి. నన్ను చూసి మిషను ఆపి, దగ్గి, ఉమ్మి, తుండుతో మొహం తుడుచుకుని నలుగురు పనివాళ్ళ ఎదుట అడిగినాడు: "కల్వం ఎట్లుండాది పాపా? అరిగిందా?" ఆ మొహం చూసినాక నిజం చెప్పడానికి నోరు రాలేదు. "బాగుంది మామా. ఎక్స్‌రే మిషన్లో పెట్టి చూసినాం, రవ్వంత కూడా అరగలేదు" అన్నాను. ఆయన పక్కనున్నవాళ్ళ వైపు తిరిగి, "ఇన్యారా అప్పా? మిషన్లో చూసినారంట" అన్నాడు. మాకందరికీ సోడాలు తెప్పించినాడు. పెద్దవాళ్ళ మనసు నొప్పించగూడదని మా ఇంట్లో పెంచిన పెంపకం అట్లాంటిది. ఆ సోడా తాగుతూ నేనేదో పుణ్యం చేసినట్టే సంబరపడినాను.

తరువాత పీహెచ్‌డీ వచ్చింది, శాలువా కప్పినారు, పేరుకు ముందు డాక్టరు చేరింది. మామకు దగ్గు వచ్చింది. మొదట్లో చలికాలం అన్నారు, తరువాత బీడీలు అన్నారు; ఆయన బీడీ మానేసినా దగ్గు మానలేదు. టీబీ అని నెలలకొద్దీ మాత్రలు మింగించినారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ ఎత్తుకునేది. నంద్యాలలో డాక్టరు దగ్గరికి వచ్చినప్పుడల్లా మా ఇంట్లోనే దిగేవాడు. మూడు మెట్లు ఎక్కి, గోడ పట్టుకుని నిలబడి, మేడ కట్టినవాడెవడో గానీ మెట్లు ఎత్తు పెట్టినాడని తిట్టేవాడు. నేను బీపీ మాత్రలు గుర్తు చేసేదాన్ని, రాగి జావ కాచి ఇచ్చేదాన్ని. చెడుగాలిని పసిగట్టే పొడి మీద డాక్టరేటు తీసుకున్న మనిషిని, నా ఎదురుగా కూచుని ఎగపోస్తున్న మనిషి ఊపిరిలో ఏముందో పసిగట్టలేకపోయినాను. పసిగట్టలేకపోయినానా, పసిగట్టి ఊరుకున్నానా అని నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. రెండోదే అనిపిస్తుంది.

ఆఖరికి వేరే ఊళ్ళో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయినాను. ఆయన ఎక్స్‌రే ఫిల్ము వెలుగుకు పెట్టి, మొట్టమొదట అడిగిన ప్రశ్న, నువ్వేం పని చేస్తావు పెద్దాయనా అని. అంతవరకూ ఒక్కరూ అడగలేదు. రెండువైపులా పైభాగమంతా గసగసాలు చల్లినట్టు తెల్లటి చుక్కలు. నేను జీవితమంతా చిన్న రేణువుల ఫొటోలు చూసి లెక్కపెట్టినదాన్ని. ఆ ఫిల్మును చూడలేకపోయినాను. డాక్టరు నన్ను బయటికి పిలిచి, రాతిపొడి అన్నాడు, పలుగు, సిలికా. లోపలికి పోయింది ఇంక బయటికి రాదు, ఉన్నన్నాళ్ళు ఊపిరాడేట్టు చూసుకోవడమే అన్నాడు. చాలా ఏండ్లుగా చేరింది, నాలుగైదేండ్ల ముందే దుమ్ము మానేసింటే ఇంకొంత కాలం బతికేవాడని కూడా అన్నాడు.

వరండాలో బల్ల మీద అత్త కూచునింది. చెప్పినాను. ఆమె ఏడవలేదు, నన్ను ఎగాదిగా చూసింది. "నేను చెప్తానే వస్తి. గుడ్డ కట్టుకోవయ్యా, నీళ్ళు పోసుకుంటా కొయ్యయ్యా అంటే, నీళ్ళు పోస్తే రాయి మీద ఎర్రజాజుతో గీసిన గీత చెరిగిపోతాదనె. ఆస్పత్రోళ్ళు వచ్చి ముక్కుకు కట్టుకునేవి ఇచ్చిపోతే పక్కన పారేసె. ఏమన్నా అంటే ఒకటే మాట. నా రాయిలో సన్నదుమ్ము లేదు మే, ఎంతసేపు నూరినా రవ్వ రాలలేదని మా పాప మిషన్లో చూసింది, కనపడే దుమ్ము కడుక్కుంటే పోతాది, అంటాండె." అత్త నన్ను నిష్ఠూరం ఆడడానికి చెప్పలేదు. ఆయన మొండితనం గురించి చెప్తాంది, అంతే. నేను ఆ బల్ల మీదే ఆమె పక్కన కూచున్నాను.

సాయంత్రం వార్డులో మామ దిండ్లకు ఆనుకుని కూచున్నాడు, ముక్కుకు ఆక్సిజను గొట్టం. "ఏందంట పాపా?" అని అడిగినాడు. ఈసారి నేను అబద్ధం చెప్పలేదు.

"రాతిపొడి మామా. లోపల చేరింది."

"ఏ రాయి?"

"నువ్వు కోసేదే."

ఆయన చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. కాయలు కాసి, గీతలు కనపడని చేతులు. తరువాత అడిగినాడు, "కల్వం గూడా అరిగిందా?" అరిగింది మామా అన్నాను. "ఆ పొద్దే తెలుసునా నీకు?" తెలుసునన్నాను. తిడతాడని కాచుకున్నాను, తిట్టింటే నేను ఇంకో విధంగా బతికేదాన్నేమో. ఊపిరి తీసుకోవడానికి రెండుసార్లు ఆగి, "చెప్పింటే బాగుండు పాపా" అన్నాడు. అంతే. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తరువాత ఆయన బతికిన ఎనిమిది నెలల్లో ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు, నాతో ఎప్పటిలాగానే ఎగతాళిగా మాట్లాడినాడు. అది నాకు ఇంకా కష్టమైపోయింది. ఆఖరి రోజుల్లో పడుకుంటే ఊపిరి ఆడక, కుర్చీలోనే ముందుకు వంగి, నందిని చెక్కినప్పుడు కూచున్నట్టే కూచుని పోయినాడు.

నిజానికి నేను ఆ నిజాన్ని దాచలేదు, చూడండి. నా థీసిస్‌లో రాసినాను. నూరే పాత్ర నుంచి సిలికా కలుస్తున్నట్టు తేలిందని, పాత్ర మార్చగానే ఆ మలినం తొలగిందని. ఇంగ్లీషులో, మంచి వ్యాకరణంతో, మూడో అధ్యాయంలో. పరీక్షకు వచ్చిన ప్రొఫెసరు ఆ వాక్యాన్ని వేలితో చూపించి, నిజాయితీగా రాసినావమ్మా అని మెచ్చుకున్నాడు. చెప్పాల్సిన మనిషికి ఇంగ్లీషు రాదు. థీసిస్ కాపీ ఒకటి ఆయన షెడ్డులో దేవుడి పటాల పక్కనే ఉండేది, పసుపు కుంకుమ పెట్టి, మీద దుమ్ము పట్టకుండా ప్లాస్టిక్ కవరు తొడిగి.

నేను ఇదంతా తలుచుకుంటాంటే అటెండరమ్మ నా ఎదురుగా కల్వం పట్టుకుని నిలబడే ఉంది, తప్పు చేసినానేమోనని బిక్కమొహంతో. దాంట్లో తినేవి దంచొద్దమ్మా, అది అరుగుతుంది అన్నాను. ఆమె వేలు పెట్టి లోపలంతా తడిమింది. "రాయి అరుగుతాదా మేడం? ఏం కనపడలేదే" అనింది. అరుగుతుంది, కనపడకుండానే అరుగుతుంది, ఆ పొడి లోపలికి పోతే మనిషికి మంచిది కాదు అన్నాను. ఆమె సరేనని తలూపి, కల్వం నా బల్ల మీద పెట్టి, గ్లాసు తీసుకుని పోయింది. ఏమీ నొచ్చుకోలేదు. ఆ మాట చెప్పడానికి నాకు అర నిమిషం పట్టింది. పన్నెండేండ్ల కిందట కూడా అంతే పట్టేది.