రెండు సెకన్ల మలుపు

ఆ ఎడారిలో ఉదయాలు పలుచని పాలలా తెల్లగా ఉండేవి. ఆ తెలుపులోంచి ముందు రొద వినిపించేది. తరువాత కారు నేలను తాకకుండా తేలుతున్నట్టు కనిపించేది. ఆదివారపు బడిలో విన్న అగ్నిరథం ఇదేనేమో అనుకునేవాణ్ణి.

పెగడపల్లి నుంచి గల్ఫ్‌కు పోయిన నాకు, ఫార్ములా పందెం కార్లు నడపడం నేర్పే ట్రాక్ మీద మలుపు వేగం కొలిచే పని దొరికింది. కార్లలో యంత్రాలున్నా మా ఇంజినీరు చేతి లెక్కతో సరిచూసుకునేవాడు. మలుపు మొదట ఒక తెల్లగీత, చివర ఒకటి, మధ్య అరవై మూడు మీటర్లు. కారు మొదటి గీతకు రాగానే అక్కడ నిలబడే తోటి పనివాడు, సిరిసిల్ల నుంచి వచ్చిన అన్న, జెండా దించాలి; నేను సెకన్లు కొలిచే గడియారం నొక్కాలి. కారు నేనున్న చివరి గీత దాటగానే ఆపాలి. ఈలోగా కారు ముక్కు తూర్పు నుంచి దక్షిణానికి తొంభై డిగ్రీలు తిరుగుతుంది. రెండు సెకన్లు పడితే, సెకనుకు నలభై అయిదు డిగ్రీలు.

కారులోని యంత్రం రెండు చూపితే, నా గడియారం మూడు చూపేది. అన్న జెండా ముందే దించుతున్నాడని ఇంజినీరు ఆయన పేరును ఊరికి తిరిగి పంపాల్సినవాళ్ళ జాబితాలో రాశాడు.

"సిరిసిల్లల సాంచెలు బందైనయి తమ్మీ. పోయి ఏం నడపాలె?" అన్నాడు అన్న, సాంచె అనే ఆ మరమగ్గం మీదే పెరిగినవాడు. "నేనైతే టైముకే దించిన. నువ్వేం జేస్తున్నవ్ గాడ?"

"బండి మలుపుకాడ మలిగేటప్పుడు గా నడిపెటాయన పానం కోసం ప్రార్థన చేస్తున్న."

"కండ్లు మూసుకొనా?"

మా సంఘంలో ప్రార్థన మొదలైతే ఆమెన్ దాకా కళ్ళు తెరవకూడదు. మూసుకుంటున్నానని, తెరిచేసరికి కారు గీత దాటిపోతోందని నాకే తెలియలేదు.

"నీ దేవుడు ఆయన్ని మంచిగనే కాపాడుతున్నడు. నన్నే ఇమానం ఎక్కిస్తున్నడు!"

నిజం చెబితే ఆ జాబితాలోకి నా పేరు ఎక్కవచ్చు. వీసా కోసం కోరుట్ల ఏజెంటు చుట్టూ తిరిగిన ఏడాది, జగిత్యాల బస్టాండులో కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న నా భార్య గుర్తొచ్చారు. అయినా పొరుగువాని మీద అబద్ధసాక్ష్యం ఎలా పలకను? మరునాడు వచ్చీరాని హిందీలో ఇంజినీరుకు అంతా చెప్పాను.

ఆయన జెండా వేరొకరికిచ్చి, నా గడియారం అన్న చేతిలో పెట్టాడు. నాకు చీపురు చూపించాడు.

"రెండే! చూసినవా తమ్మీ, రెండే!" అని అన్న కేకవేశాడు. ఇంజినీరు జాబితాలో ఆయన పేరు కొట్టేశాడు. నేను టైరు ముక్కలు ఊడ్చుకుంటూ, ఇసుక వెలుగులో ఆ వంపు పొడవునా మెల్లగా నడిచాను.