జర్క్ తగలకుండా

దయగల తండ్రికి స్తోత్రం. తల్లి గర్భంలో రూపం దిద్దేది ఆయనే, దారిలో మోసేదీ ఆయనే. మహిమంతా ఆయనదే.

శంషాబాద్ విమానాశ్రయం కార్గో వైపు కూరగాయల లోడు తోలే నాకు 'జర్క్' అనే ఇంగ్లిష్ మాట రోజుకు పదిసార్లు అవసరం. క్లచ్ పాడైతే బండి జర్క్ కొడుతుందంటాం. ఒక్కసారిగా బ్రేకేస్తే జర్కిచ్చాడని తిడతారు. ఊహించని కబురు విన్నవాడూ జర్కయ్యానంటాడు. అదే మాట డాక్టరమ్మ నోట విన్నప్పుడు మాత్రం భయమేసింది. నా భార్యకు ఏడో నెల. అంతకుముందు ఒక బిడ్డను పోగొట్టుకున్నాం. "చిన్న జర్క్ కూడా తగలొద్దు" అంది డాక్టరమ్మ.

ఆ ఆదివారం మంఖాల్ దగ్గరి మా మందిరంలో ఆరాధన ముగుస్తుండగా నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్స్ చాలా దూరంలో ఉందన్నారు. నా కూరగాయల ట్రాలీ తప్ప వేరే బండి లేదు. మందిరం చాపలన్నీ వెనక పరిచి, ఆమెను పడుకోబెట్టి బయల్దేరాను. మొదటి స్పీడ్ బ్రేకర్‌కే బండి వెనక భాగం ఎగిరింది. ఆమె కేక వేసింది. ఆపేశాను.

మా సంఘంలో అందరికన్నా పెద్దామె మిగతా ఆడవాళ్లతో వెనకాలే ఉరికొచ్చింది.

"ఖాళీ బండి ఎగరకుంటే ఏం చేస్తది బిడ్డా? ఇన్నేండ్లు లోడు తోలినవ్, గిది తెల్వదా?"

నిజమే. సరుకు నిండితే కింద స్ప్రింగుల్లా ఉండే కమాన్ పట్టీలు అణిగి బండి మెత్తగా పోతుందని కొత్త డ్రైవర్లకు చెప్పేది నేనే.

"ఎక్కుండ్రమ్మా, లావున్నోళ్లు ముందు!" అంటూ ఆమే మొదట ఎక్కింది. మొత్తం ఎనిమిది మంది ఎక్కారు.

"మా ఆయన దినాం తిండి తగ్గించుమంటడు. ఇగ ఏమంటడో చూస్త" అంది ఒకామె. అంత నొప్పిలోనూ నా భార్య నవ్వింది. ఆమె తల ఒకరి ఒడిలో, కాళ్లు మరొకరి ఒడిలో ఉన్నాయి.

గుంత కనబడితే చాలు, పెద్దామె క్యాబిన్ మీద తట్టేది. విమానాలు నెత్తి మీదుగా మోతగా దిగుతున్నా వాళ్లు ఎత్తుకున్న ఆరాధన పాట ఆపలేదు. దవాఖాన చేరేదాకా నా భార్య మళ్లీ కేక వేయలేదు.

సాయంత్రం పాప పుట్టింది. సన్నగా ఏడ్చింది. ఆ ఏడుపు విని వరండాలోనే మోకరించాను.

పాప ఇంకా అద్దాల పెట్టెలోనే ఉంది. ఊపిరి కోసం పెట్టిన గొట్టం తీసేస్తే సొంతంగా ఊపిరి తీసుకోవాలి. రేపు తీసి చూస్తామన్నారు. ఇది చదువుతున్న మీరూ ఒక్క నిమిషం కళ్లు మూసుకుని మాతో కలిసి అడగండి: తండ్రీ, ఇంతదాకా తెచ్చావు, ఆ చిన్న గుండెల్లో నీ ఊపిరి నిలుపు. ఆమేన్.