తాడు పట్టిన బామ్మర్ది

తెలంగాణ వచ్చిన కొత్తల పట్నం నుంచి ఒక రచయిత అచ్చంపేట మీదుగా మా చెంచుపెంటకు, అంటే మా గూడేనికి వచ్చిండు. నల్లమల మీద దయ్యాల నవల, అదీ నవ్వొచ్చేటట్టు రాస్తనన్నడు. నేను పొట్లాల కాయితాల మీద అక్షరాలు నేర్చుకున్నోణ్ణి. పుస్తకం రాసేటోడంటే నాకు దేవుని లెక్క. మూడు రోజులు అడిగినవన్నీ చెప్పిన.

తేనె సంగతి గూడ చెప్పిన. కొండచరియల తేనెపట్టుకు నారతాడు పట్టుకొని దిగాలె. పైన తాడు కాసేటోడు దిగేటోని బామ్మర్దే కావాలె, సొంత తమ్ముడు పనికిరాడు. తమ్మునికి వదిన మీద కన్ను పడొచ్చు. బామ్మర్ది తన చెల్లె బొట్టు తానే తుడవడు గద. మా పెద్దోళ్లు మనుషుల్ని అంతవరకే నమ్మిండ్రు.

మా చెల్లె పెనిమిటి, మా బావకు నేనే కాసిన. తాడు వానకు నాని చివికిందని చూసిన. కొత్తది పేనుదామన్న. "బామ్మర్దీ, నువ్వు పేనేలోపల ఈగలే తేనె తాగి పోతయ్" అని నవ్వుకుంట దిగిండు. నేను గట్టిగ ఆపలే. తాడు తెగింది. ఈగలు మీదవడ్డయ్, బావ చెయ్యి వదిలిండని చెల్లెకు చెప్పిన. ముప్పై ఏండ్లు ఆమెకు చెప్పని నిజం గా పట్నపాయనకు చెప్పిన.

పుస్తకం వచ్చింది. అందుల చెట్లు మనుషుల్ని మింగి త్రేన్చుతయ్. త్రేన్పు కాడ నాకూ నవ్వొచ్చింది. మా ఆడోళ్ల పాదాలు ఎనకకు తిరిగి ఉంటయట. వాళ్లు నెత్తిన మూట పెట్టుకొని నడిచే దూరం ఆయన ఒక్కదినం నడిస్తే ఆయనవే తిరుగుతుండె. ఆఖర్ల బామ్మర్ది కత్తితోని తాడు కోస్తడు, దయ్యాలు చప్పట్లు కొడతయ్.

ఫోన్ చేసిన.

"అది కల్పన, తాతా."

"దయ్యాలను పెట్టుకో సారూ. నా చేతిల కత్తి ఎందుకు పెట్టినవ్?"

"అందరికీ ఆ సీనే నచ్చింది తాతా."

దవాఖానల పనిచేసే మేనకోడలు ఆ పుస్తకం తల్లికి సదివి వినిపించింది. తెల్లారి చెల్లె నన్ను పిలిచింది. చాటల ఇప్పపువ్వు ఏరుకుంట అడిగింది.

"అన్నా, కత్తి ఉన్నదా?"

"లేదు."

"ఈగలు?"

అబద్ధం నోటిదాంక వచ్చింది. ఆ రచయిత లెక్క నేనూ ఇంకోటి అల్లొచ్చు.

"ఈగలు మీదవడలే. తాడు చివికింది."

"నీకు ఎరుకనా?"

"ఎరుకే."

చాట కింద పెట్టింది. నా దిక్కు చూడకుండ, పక్కన కూసున్న బిడ్డతోని అన్నది, "ముప్పై ఏండ్లు ఉత్తగ ఈగల్ని తిట్టిన గదనే."