ముడతల మేడమ్ తనిఖీ

మా మేనత్తకి మార్కులు ఎక్కువ వచ్చాయి కాబట్టి సాయం రాలేదు. ఈ మాట నేను మూడు ఆఫీసుల్లో మూడు కిటికీల దగ్గర చెప్పాను. మూడు చోట్లా లోపల కూర్చున్నవాళ్ళు తలెత్తి, "మార్కులెక్కువొస్తే సంతోషమే కదమ్మా" అన్నారు. సంతోషమే. ఆ సంతోషంతోనే నా తల ప్రాణం తోకకొచ్చింది.

సంగతేమిటంటే, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ ఇంటికి రోజూ పొద్దున రెండు గంటలు ఒక మనిషిని పంపే పథకం ప్రభుత్వం పెట్టింది. స్నానం చేయించడం, మందులు చేతికివ్వడం, ఇల్లు ఊడ్చి పెట్టడం ఆ మనిషి పని. కావాలంటే ముందు ఒక అధికారి ఇంటికొచ్చి చూసిపోవాలి. నిలబడగలరా, వంగగలరా, ఒంటరిగా స్నానం చేయగలరా అని ఇరవై ప్రశ్నలు. చేయగలిగిన ప్రతి పనికీ ఒక మార్కు. పన్నెండు దాటితే మనిషిని పంపరు. మా అత్తకి ఇరవైకి ఇరవై వచ్చాయి. మా వంశంలో ఏ పరీక్షలోనూ ఎవరికీ అన్ని మార్కులు రాలేదు.

అవి ఎలా వచ్చాయో తెలియాలంటే ముందు ఆవిడ సంగతి తెలియాలి. పంతొమ్మిదో ఏట ఒక పెద్ద హోటల్లో గదులు ఊడ్చే పనికి చేరింది. ఇంట్లో పెళ్ళి మాటెత్తితే "నాకు షిఫ్టుంది" అని లేచిపోయేదట. అలా లేచిపోతూనే పదేళ్ళకి ఒక అంతస్తు మొత్తానికీ సూపర్‌వైజర్ అయింది. దుప్పటి మీద వేలెడు ముడత కనిపించినా పక్క మొత్తం లాగి కింద పడేసి మళ్ళీ వేయించేది. అందుకని పనివాళ్ళు ఆమెకి ముడతల మేడమ్ అని పేరు పెట్టారు. ఆ పేరు ఆమె చెవిన పడనే పడింది. కోప్పడలేదు సరికదా, మురిసిపోయింది.

గదిని చూసే పద్ధతి ఒకటుండేది ఆవిడకి. ముందు చేతిలో తెల్లగుడ్డ తీసుకుని తలుపు పైఅంచు తుడిచేది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని మంచం కింద టార్చి వేసేది. మధ్యలో ఉన్నవన్నీ ఆఖర్న చూసేది. "కళ్ళకి ఎదురుగా ఉన్నదాన్ని ఎవరైనా తుడుస్తారే. తలపైన, మోకాలి కింద చూస్తేనే గది సంగతి తెలిసేది" అని నా చిన్నప్పుడు నా పుస్తకాల అర కూడా అలాగే చూసేది. హోటలు పైవాళ్ళు ఏడాదికి రెండుసార్లు తనిఖీకి వచ్చేవాళ్ళు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆమె అంతస్తులో ఒక్క గది కూడా ఫెయిల్ కాలేదు. ఈ ముక్క మీరు అడక్కపోయినా చెబుతుంది.

ఇప్పుడు ఆమెకి డెబ్బై ఆరు. రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. నడుము వంగదు, కుడి మోకాలు మాట వినదు. పోయినేడాది స్నానాలగదిలో రెండుసార్లు పడింది. రెండోసారి నేను వెళ్ళి చూసేసరికి నాలుగు గంటలుగా ఆ తడి నేల మీదే ఉంది. నేను ఏడుస్తూ లేపబోతే, "ముందు ఆ బకెట్టు పక్కకి పెట్టి నేల తుడువు, నువ్వు కూడా పడతావు" అంది. డాక్టరు తేల్చి చెప్పేశాడు. పొద్దునపూట పక్కన మనిషుండాలి, లేదంటే పెద్దవాళ్ళ వసతిగృహంలో చేర్పించాలి. నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. పరగడుపున వచ్చేవాళ్ళ కోసం ఆరున్నరకల్లా సూది పట్టుకుని కూర్చోవాలి. మా ఇల్లు ఊరికి ఆ చివర, ఒక గదిలో నలుగురం. వసతిగృహం ఒకసారి చూపించి తీసుకొచ్చాను. గుమ్మంలోకి వచ్చాక, "నన్ను నా ఇంట్లోంచి తీసుకెళ్ళకు" అంది. మా అత్త నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. అందుకే ఆ పథకం కోసం కాళ్ళరిగేలా తిరిగాను.

తిరిగి తిరిగి దరఖాస్తు పెడితే, అధికారి వస్తున్నాడని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరంలో తనిఖీ అనే మాట ఉంది. అదే కొంప ముంచింది. తనిఖీ అంటే సాయం కోసం చేసేదని మా అత్తకి ఎలా తెలుస్తుంది? ఆమెకి తెలిసిన తనిఖీకి ఒకటే అర్థం, పాసవ్వాలి. మూడు రోజులపాటు గోడలు పట్టుకుని ఇల్లు తుడిచింది. చేతికర్రని బీరువా వెనక నిలబెట్టింది. స్నానాలగదిలో నేను కొనిపెట్టిన స్టూలుని బాల్కనీలో పెట్టి దాని మీద పూలకుండీ పెట్టింది. నొప్పి మాత్రలు రెండు ఒకేసారి మింగింది. నేను సెలవు పెట్టుకుని పదిన్నరకి వెళితే, పది గంటలకే వచ్చిన ఆ సారు ఆవిడ చేతి టీ తాగి మెట్లు దిగిపోతున్నాడు. "మీ అత్తగారు చాలా చురుగ్గా ఉన్నారండీ" అన్నాడు నాతో.

నెల తిరిగేసరికి ఇంకో ఉత్తరం. మీరు స్వతంత్రంగా జీవించగలరని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం అని ఉంది. కింద ఇంకో ముక్క. మీలాంటి ఆరోగ్యవంతులు మన వయోవృద్ధుల కేంద్రానికి వచ్చి, చేతకానివాళ్ళకి కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామాలు నేర్పితే బాగుంటుందట. అత్త ఆ ఉత్తరాన్ని ఫ్రేము కట్టించుకుంది. కేంద్రానికి కూడా వెళ్ళింది. అక్కడ కుర్చీలు వంకరగా వేశారని అన్నీ సరిచేసి, ఇంటికొచ్చి రెండు రోజులు మంచం దిగలేదు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మళ్ళీ ఆఫీసులు, మళ్ళీ కిటికీలు. పడిన రోజు ఆసుపత్రి కాగితాలన్నీ చూపిస్తే, "కాగితాలు మాకు లెక్కలోకి రావమ్మా, అధికారి కళ్ళతో చూడాలి" అన్నారు. ఇంకోసారి చూడమని అర్జీ పెట్టాను. నాలుగు నెలలు పట్టింది. పంపింది కూడా ఆ సారునే. ఇదే ఆఖరుసారి, ఈసారి కూడా మార్కులు పన్నెండు దాటితే ఇక పేరు కొట్టేస్తామన్నారు.

ముందురోజు వెళ్ళి నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. "అత్తా, నీకు దణ్ణం పెడతాను. రేపు ఏదీ తుడవకు. ఇల్లు ఎలా ఉందో అలా ఉండనీ. కర్ర చేతిలో ఉంచుకో. కష్టమనిపిస్తే కష్టంగా ఉందని చెప్పు."

"సరేలే" అంది.

"సరేలే కాదు. ఈసారి తప్పితే వసతిగృహమే."

"తెలుసులేవే. సరే అన్నాగా."

మర్నాడు ఎనిమిదింటికి తలుపు తీయగానే ఇల్లు తళతళలాడుతోంది. పక్క మీద దుప్పటి గీత గీసినట్టుంది. అత్త తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, గోడకి ఆనుకుని నిలబడి ఉంది. మొహం నిండా చెమట. కర్ర ఎక్కడా లేదు.

"ఏం చేశావిది?" అన్నాను పళ్ళు నూరుతూ.

"ఇంటికి మనిషొస్తుంటే అలాగే వదిలేస్తారా ఎవరైనా?"

"నిన్న సరే అన్నావు కదా."

"అన్నాను. నిద్ర పట్టలేదు."

ఇంకేమైనా అనేలోపే ఆ సారు వచ్చేశాడు. నెమ్మది మనిషి, చేతిలో అట్టముక్కకి తగిలించిన కాగితం. తలుపు దగ్గరే నిలబడి ఇల్లంతా ఒకసారి కళ్ళతో చుట్టేసి, టిక్కులు పెట్టడం మొదలుపెట్టాడు. "ఇల్లు మీరే సర్దుకుంటారా అమ్మా?" "నేనే బాబూ." టిక్కు. "వంట?" "నేనే." టిక్కు. "స్నానం?" నేను నోరు తెరవబోతే చేయి అడ్డం పెట్టాడు. "వారినే చెప్పనివ్వండి." అత్త నావైపు చూడకుండా, "ఎందుకు చేసుకోలేను" అంది. టిక్కు. చిర్రెత్తుకొచ్చి నేను కిటికీవైపు తిరిగాను. నేను నాలుగు నెలలు తిరిగింది దీనికోసమా?

అప్పుడు ఆయన చేతిలోని పెన్ను మూత జారి మంచం కిందకి దొర్లింది. నేను వంగి చేయి పెట్టాను. కింద దుమ్ము మేటలు కట్టి ఉంది. ఆ దుమ్ములో తెల్లగా ఏవో ఉన్నాయి. తీసి చూస్తే బీపీ మాత్రలు. ఒకటి కాదు, తొమ్మిది. చేయి జారి పడినవి, వంగి తీసుకోలేక వదిలేసినవి. ఒకటి పడిపోతే ఆ పూటకి మందు లేనట్టే. అక్కడే నేల మీద కూర్చుని గది చుట్టూ చూశాను. బీరువా కాళ్ళ దగ్గర బూజు, తలుపు వెనక బూజు, గోడ అంచుల్లో నల్లటి చార. అత్త నడుము ఎత్తు నుంచి భుజాల ఎత్తు దాకా ఇల్లు అద్దంలా ఉంది. ఆ కిందా పైనా ఎన్ని నెలలుగా చేయి తగల్లేదో తెలుస్తోంది.

ఆ సారుకి చూపిద్దామని మాత్రలు పట్టుకుని లేచాను. అత్త మొహం చూశాక చూపించలేకపోయాను. నా గుప్పిట్లో ఏముందో ఆమెకి తెలిసిపోయింది. నాకు కోపమూ పోలేదు, చేతులూ రాలేదు.

"అత్తా" అన్నాను, "హోటల్లో అయితే ఈ గది నువ్వు పాస్ చేస్తావా?"

ఆమె తలెత్తి తలుపు పైఅంచు వైపు చూసింది. ఆ సారు ఆఖరి టిక్కు పెట్టి, పెన్ను జేబులో పెట్టుకుని, "అయిపోయిందమ్మా, అంతా బాగుంది, ఇక వస్తాను" అన్నాడు.

"ఆగండి" అంది అత్త.

ఆయన ఆగాడు.

"ఇదేం తనిఖీ బాబూ? వచ్చారు, గుమ్మంలో నిలబడ్డారు, పోతానంటున్నారు. తలుపు పైన చూశారా? మంచం కింద చూశారా?"

"అవి నా ఫారంలో లేవమ్మా."

"లేకపోతే రాసుకోండి." అత్త గోడ పట్టుకుని అడుగులో అడుగేస్తూ వంటగది దాకా వెళ్ళి తెల్లగుడ్డ తెచ్చింది. అది తేవడానికే ఎంతసేపు పట్టిందో ఆయన చూస్తూ నిలబడ్డాడు. గుడ్డ ఆయన చేతిలో పెట్టింది. "నాకు అందదు. మీరు తుడవండి."

ఆయన నావైపు చూశాడు. తలుపు పైఅంచు తుడిచాడు. గుడ్డ నల్లగా వచ్చింది. తర్వాత కూడా అత్త చెప్పినట్టే చేశాడు. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఫోను వెలుగు వేసి చూశాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. లేచేసరికి ప్యాంటు మోకాళ్ళ దగ్గర బూడిద రంగు అయింది.

"ఏమంటారు?" అంది అత్త.

ఆయన మోకాళ్ళు దులుపుకున్నాడు.

"నేనైతే ఫెయిల్ చేస్తాను" అంది. అంతస్తు మీద పనివాళ్ళతో మాట్లాడే గొంతే. "ఈ గది చేసే మనిషి పనిదొంగ కాదు. చేతనైనంత చేసింది. వంగలేదు, చేయి పైకెత్తలేదు. స్నానాలగదిలో రెండుసార్లు పడింది. ఇలాంటి మనిషికి పక్కన ఇంకో మనిషినివ్వాలి. మా హోటల్లో అయితే నేను ఇచ్చేదాన్ని."

ఆ సారు జేబులోంచి పెన్ను తీశాడు. మొదటి టిక్కు దగ్గర్నుంచి ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చాడు. ఎదురుగా కూర్చుని మళ్ళీ అడిగాడు. ఈసారి అత్త ఉన్నదున్నట్టు చెప్పింది. ఏడు మార్కులు వచ్చాయి. వచ్చే సోమవారం నుంచి పొద్దున ఆరింటికి మనిషి వస్తుందని కాగితం మీద రాసి సంతకం పెట్టిచ్చి వెళ్ళిపోయాడు.

తలుపు వేసి వచ్చేసరికి అత్త మంచం మీద కూర్చుని ఉంది. పొద్దున్నే గీత గీసినట్టు పరిచిన దుప్పటి ఆమె కింద నలిగి ముడతలు పడింది. ఏడుపొచ్చింది నాకు. ఏం చేయాలో తోచక వంగి అంచు లాగి సరిచేయబోయాను.

"వదిలెయ్యవే" అంది. "సోమవారం వచ్చే మనిషి చూసుకుంటుంది."