బెల్లం గోడౌనుకు బొట్టు

బెల్లం దిమ్మ మీద అరచెయ్యి వేస్తే చాలు, మా మావయ్యకు చెమ్మ తెలిసిపోయేది. మోకాళ్లు మొండికేశాక ఆయన రోజూ గోడౌనులో తిరగలేకపోయారు. ఆ వానాకాలమే ఓ మూల దిమ్మలు కారి నేలకంటుకున్నాయి. గరివిడిలో మా ఇంటికి అన్నం పెట్టేది ఆ బెల్లమే. ఆయన రెండ్రోజులు సరిగ్గా తినలేదు.

ఇంటి కోడలిగా నాకు చూడబుద్ధి కాలేదు. చెమ్మ కొలిచే సెన్సర్లు తెప్పించి గోడౌను గోడలకు తగిలించాను. అవి వైరు లేకుండా ఒక చిన్న పెట్టెకు కబురు పంపితే, ఆ పెట్టె నా ఫోనుకు చెబుతుంది. ఆ పెట్టెను ముందున్న మా కొట్లో పెడితే సెన్సర్లు పగలంతా బాగానే పలికాయి. రాత్రి కొట్టు ఇనుప షట్టరు దించామో లేదో, అన్నీ మూగబోయాయి. ఎందుకబ్బా! పిల్లి పిల్లల్ని తిప్పినట్టు ఆ పెట్టెను ఇల్లంతా తిప్పాను. చివరికి వంటింటి కిటికీలో, ఊరగాయ జాడీ పక్కన పెడితే అన్నీ పలికాయి. గోడౌను పెంకుల కింది సందులోంచి సిగ్నల్ వస్తోందన్నమాట! ఎగిరి గంతేశాను.

"నమ్మమంటన్నావు, సరే. ఒక్కసారి అబద్ధమాడిందా, పీకి పారేస్తాను. సరుకుతో ఆటలొద్దు," అన్నారు మావయ్య.

అవి తగిలించాక పడ్డ మొదటి వాన వెలిసిన పొద్దున చూద్దును కదా, అన్ని సెన్సర్లూ నిండా చెమ్మే చూపించాయి. మావయ్య కర్ర పట్టుకుని వచ్చి దిమ్మలు తడిమారు. పొడిగా ఉన్నాయి.

"ఏటమ్మా ఇది? నా మోకాళ్లకున్న బుద్ధి కూడా దీనికి లేదు!"

ఒళ్లు మండిపోయి ఒక సెన్సర్ తీసి చూశాను. గాలి ఆడే సన్నని బెజ్జాల నిండా తడి పసుపు, మధ్యలో కుంకుమ.

"కొత్త వస్తువు కదే! బొట్టెట్టకుండా పనిలోకి ఎలాగ దింపుతాం? రాత్రే అన్నిటికీ ఎట్టాను," అంది అత్తమ్మ.

"బొట్టు నుదుటనెట్టాలి గానీ ముక్కులోనా అత్తమ్మా!"

అన్నీ తుడిచి, ఎండలో ఆరబెట్టి మళ్లీ తగిలించాను. ఒక్కొక్కదాని అంకె దిగొచ్చింది, వెనక మూలది తప్ప. పసుపేమైనా మిగిలిందా? చూస్తే ఏమీ లేదు. దాన్ని తలుపు దగ్గరి దానితో మార్చాను. తలుపు దగ్గరకెళ్లినది దిగింది, మూలకొచ్చినది ఎక్కింది. అంటే తప్పు సెన్సర్‌ది కాదు, ఆ మూలదే!

మావయ్య వచ్చి ముందు వరస తడిమి చూశారు. పొడే. "ఇంక పీకెయ్," అన్నారు.

పీకలేదు. చీర కొంగు దోపుకుని దిమ్మలే దించాను. వెనక వరసకొచ్చేసరికి వేళ్లు బెల్లంలో దిగబడ్డాయి. గోడ మీద వాన నీరు సన్నగా జారుతోంది. ఇంకో నాలుగు రోజులాగితే దొంతరంతా పోయేదే.

మావయ్య ఆ తడి గోడ మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు.

"నా సెయ్యి ముందు వరస దాకానే ఎళ్తాదమ్మా," అన్నారు.

తర్వాత అత్తమ్మ వైపు తిరిగారు.

"ఒసే, ఆ మూలదానికి మళ్లీ బొట్టెట్టు. ముక్కులో కాదు."