అత్త గీసిన ఒక్క సుద్దగీత

అత్త పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను పలాస స్టేషన్ బయట, పక్క ఆటో సీటు కింద ఎండుచేప దాస్తున్నాను. ఆ ఆటోవాడు టీ తాగి వచ్చి, వాసన ఎక్కడిదో తెలియక రోజంతా తన్నుకోవాలని నా ఆశ. ఫోన్ చేసింది ఆమె కూతురు. "బావా, అమ్మ ఎల్లిపోనాది," అంది. నాకు నలభై ఐదేళ్ళు దాటాయి. అలాంటి కబురు వినేటప్పుడు కూడా నా చేతిలో ఏదో ఒక వెధవపని ఉండాల్సిందే. చేపను అక్కడే వదిలేసి బండి తీశాను.

ఆమె నాకు చుట్టం కాదు. కాశీబుగ్గలో మా పక్కవాటా మనిషి. ఉద్దానం పల్లెలో మొగుడు పోయాక, కూతుర్ని చంకనేసుకుని జీడిపప్పు పనికి ఇక్కడికి వచ్చింది. మా అమ్మను వదినా అని పిలిచేది కాబట్టి నాకు అత్త అయింది. నేను ఎనిమిదో తరగతి దగ్గరే బడికి దండం పెట్టినవాణ్ణి. అక్షరాలు తప్పుపోతే మీరు సర్దుకుని చదువుకోండి. నేను చెప్పబోయే తప్పు అక్షరాల్లో లేదు.

అత్త పని పప్పు ఏరడం. బజార్లో ఒక షావుకారు కొట్టు వెనక గది, ఆ గదికి ఒకే కిటికీ, కిటికీ కింద అత్త. వెలుతురున్న చోటు అది ఒక్కటే కాబట్టి అందరికంటే చూపున్న మనిషికి ఆ చోటిచ్చారు. చేటలో పప్పు ఒక్కసారి ఎగరేసేది. విరగని గుండు ఒక పక్కకి, రెండుగా విడిన బద్ద ఒక పక్కకి, చిన్నముక్కల నూక ఒక పక్కకి, వాటంతట అవే వెళ్ళి కూర్చున్నట్టు ఉండేది. డబ్బా నిండాక సుద్దముక్కతో పైన గీత పెట్టేది. ఒక గీత అంటే గుండు, రెండంటే బద్ద, మూడంటే నూక. ఆమెకు సంతకం రాదు, వేలిముద్రే. ఈ భూమ్మీద ఆమె రాసిన రాతంతా ఆ గీతలే. విశాఖపట్నం నుంచి వచ్చే బేరగాళ్ళు మూత తీసి చూసేవారు కాదు, గీత చూసి ఎత్తుకుపోయేవారు.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఏ కొట్లో ఏం కొన్నా, ఆ కొట్టు మెట్టు మీదే కూర్చుని సంచి విప్పి చూసుకునేది. మనమూ చూసుకుంటాం, ఏమైనా తక్కువ వచ్చిందేమోనని. ఆమె ఎక్కువ వచ్చిందేమోనని చూసేది. "తక్కువొత్తే ఆడి తప్పురా. ఎక్కువొచ్చినాక ఊరుకుంటే అది నా తప్పు," అనేది. చేపలమ్మి తొందరలో రెండు కవ్వళ్ళు ఎక్కువ వేసి వెళ్ళిపోతే, వీధి చివరిదాకా కేకలేసుకుంటూ పరిగెత్తిన మనిషి.

ఇంత మంచి సరదా చేతికి దొరికితే నేను ఊరుకుంటానా? ఒక వేసవిలో, ఆమె బజారు నుంచి వచ్చే దారిలో, బట్టల సబ్బు ఒకటి ఆమె సంచిలో పడేశాను. ఇంటికొచ్చాక సంచి బోర్లిస్తే సబ్బు పడింది. మెట్టు మీద చూసుకున్నప్పుడు లేనిది ఎలా వచ్చిందా అనుకుంటూనే ఆ ఎండలో మళ్ళీ బజారుకు నడిచింది. కొట్టువాడు "నానెయ్యలేదమ్మా," అన్నాడట. "నువ్వెయ్యకపోతే ఎలగొచ్చినాది? సబ్బుకి కాల్లున్నాయేటి?" అని అక్కడ పెట్టేసి వచ్చింది. వారం తిరక్కుండా మరో సబ్బు వేశాను. మళ్ళీ నడిచింది. మూడోసారికి కొట్టువాడు సబ్బు తిప్పి చూసి, "అమ్మా, ఈ రకం మా కొట్లోనే ఉండదు. మీ పక్కింటోడిని అడగండి," అన్నాడు.

తిరిగొచ్చి మా గోడ దగ్గర నిలబడింది. మొహమంతా చెమట.

"ఎండలో మూడు తిప్పులు తిప్పీసినావు గదరా, గుంటడా."

"ఒంటికి మంచిదత్తా, నడక."

"ఇదిగో, నీ సబ్బు నువ్వే రుద్దుకో. ముందు మొకం," అని సబ్బు నా మీదికి విసిరి, గోడకానుకుని కూర్చుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నన్ను తిట్టినవాళ్ళు బజార్లో చాలామంది ఉన్నారు. నా చేతిలో ఓడిపోయి నవ్విన మనిషి ఆమె ఒక్కతే.

ఆ మరుసటి ఏడు మా చెల్లిని టెక్కలి అత్తవారింటికి పంపాలి. సారెలోకి జీడిపప్పు పాకం చేయించాలి. గుండు కొనే తాహతు లేదు, నూకతో కానిచ్చేద్దాం అనుకున్నాం. అత్త పనిచేసే కొట్టుకే వెళ్ళాను. వాన పడుతోంది, కరెంటు లేదు. లోపల మనుషులంతా ముందే ఇళ్ళకు పోయారు. గుమస్తా గోడౌన్ చీకట్లోకి వెళ్ళి, డబ్బా ఒకటి తడుముకుంటూ తెచ్చి ఆటోలో పెట్టాడు.

ఇంటికొచ్చి వసారాలో దించితే డబ్బా మీద గీత ఒక్కటే ఉంది. మూత తీశాను. గుండు. తెల్లగా, ఒక్కటి విరగలేదు.

"గుమస్తా ఎరక్క ఇచ్చీసుంటాడురా," అంది అమ్మ. "ఎల్లి మార్చీసి రా."

"మార్సడమేటి? కొసరు. ఇన్నేళ్ళు ఆడి సరుకు నా బండిలో మోసినాను కాదేటి."

"గుప్పెడు గింజలు కొసరంటారు గాని డబ్బాడు పప్పు కొసరేటిరా?"

"పెద్ద సావుకారే అమ్మా, పెద్ద కొసరు."

అమ్మ నవ్వేసింది. నవ్వించడం నా పనే కదా. పక్కింట్లోంచి అత్త ఏ క్షణమైనా వస్తుందని, మెడలో తువ్వాలు తీసి ఆ గీతను తుడిచేశాను. రెండే రెండు రుద్దులు.

టెక్కలిలో చెల్లి అత్తవారు పాకం చూసి ముక్కున వేలేసుకున్నారు. అత్తకూ ఒక ముక్క ఇచ్చాం. నోట్లో వేసుకోకుండానే, వేళ్ళతో పట్టుకుని చూసి, "గుండేరా," అంది. వేరే కొట్లో కొన్నానన్నాను. "మంచిపని సేసినావు. సెల్లి తలెత్తుకుంటాది," అని నా నెత్తి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి కింద నేను తల కదపలేదు.

కొన్నాళ్ళకి కొట్లో సరుకు చూసుకుంటే గుండు డబ్బా ఒకటి తక్కువ, నూక డబ్బా ఒకటి ఎక్కువ. షావుకారు నన్నూ అడిగాడు, "నీకిచ్చినది నూకేనా?" అని. "నూకే బాబూ, అందులో సగం దుమ్ము," అన్నాను. అక్కడున్నవాళ్ళు నవ్వారు. గుమస్తా మాత్రం, తను పట్టుకెళ్ళిన ప్రతి డబ్బా మీదా గీతలు చూసే ఇచ్చానని ఒట్టేశాడు. అంటే గుండు డబ్బా మీద మూడు గీతలు పడ్డాయి, గీతే తప్పు. అంటే అత్తే తప్పు. వాడిని నేను తిట్టను. వాడు ఉద్యోగానికి భయపడ్డాడు. నేను దేనికి భయపడ్డాను? టెక్కలిలో పాకం తిన్నవాళ్ళు ఏమనుకుంటారోనని.

షావుకారు ఆమెను పనిలోంచి తీసెయ్యలేదు. "వయసైపోతంది, సూపు ఆనట్లేదు," అని కిటికీ దగ్గర నుంచి లేపి, జీడిపిక్కలు కొట్టే షెడ్డులో కూర్చోబెట్టాడు. పిక్క తొక్కలోంచి కారే జీడి అంటితే చర్మం ఎలా ఊడిపోతుందో మా పలాసవాళ్ళకు చెప్పక్కర్లేదు. నెల తిరిగేసరికి ఆమె వేళ్ళు నల్లబడ్డాయి. కానీ ఆమె బాధ వేళ్ళది కాదు. నా గోడ మీంచి నాకు అంతా కనబడేది. సాయంత్రం పూట బియ్యంలో రాళ్ళు ఏరేది. ఏరిన బియ్యం మళ్ళీ చేటలో పోసి మళ్ళీ ఏరేది. అప్పుడు కూతుర్ని పిలిచి, "ఓసారి సూడే," అనేది. తన కళ్ళు పోయాయని ఆమె నమ్మేసింది. నాలుగు నెలలు నేను అది చూస్తూ టీ తాగాను.

ఒకరోజు కూతురు ఇంట్లో లేదు. అత్త గోడ దగ్గరికి వచ్చింది.

"నాయనా, నీ కల్లు మంచివి. ఓపాలి సూసిపెట్టు. రాల్లున్నాయేటి?"

చేట నా ముందు పెట్టింది. ఒక్క రాయి లేదు. వడ్లగింజ కూడా లేదు. రాయకూడనివే రాసేస్తున్నాను కాబట్టి ఇదీ రాస్తాను. ఆ క్షణంలో నా ఎడమచెయ్యి అలవాటు కొద్దీ నేల మీద చిన్న రాయి కోసం తడిమింది. చేటలో పడేసి "అదిగో" అనడానికి. రాయి చేతికి దొరికింది కూడా. అప్పుడు ఆమె మొహం చూశాను. నేను చెప్పబోయే మాట కోసం ఊపిరి బిగపట్టి ఉంది.

రాయి వదిలేశాను.

"నీ కల్లకేం కాలేదత్తా. ఆ డబ్బా నా కాడికొచ్చినాది."

చేట తనవైపు లాక్కుని అడిగింది, "గీతలెన్ని?"

"ఒకటే."

"ఒకటేనా? సరిగ్గా సూసినావా?"

"ఒకటే అత్తా. నానే తుడిసీసినాను."

"అమ్మయ్య," అంది. అంతే. తిడుతుందని చూశాను. కొడితే బాగుండు అనుకున్నాను. ఆమె చేటలోకి చూస్తూ, "నాలుగు నెల్ల బట్టి గుడ్డిదాన్నయిపోనాననుకుంటన్నాను," అని తనలో తను చెప్పుకుంది.

నా నోరు ఊరుకుంటుందా? "కొసరనుకున్నానత్తా," అన్నాను.

"కొసరు సూసి పెడతార్రా. ఇచ్చినోడు సూడకండా వొచ్చినది కొసరేటి?"

మర్నాడు షావుకారు దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పాను. ఆయన పూర్తిగా విన్నాడు. విని, గుమస్తా వైపు తిరిగి నవ్వాడు. "ఆవిడ సంచిలో సబ్బులేసి ఎండలో తిప్పినోడివి నువ్వే కదా. ఇప్పుడు జాలేసి కొత్త ఏసమేసినావా? నువ్వే గదరా దుమ్మని సెప్పినావు." పప్పు ఖరీదు ఇస్తానంటే, "ఫో, ఎల్లి బండి తోలుకో," అన్నాడు. నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్క నిజం చెప్పాను, దాన్ని ఎవరూ పుచ్చుకోలేదు. చూపిద్దామంటే డబ్బాను అమ్మ ఎప్పుడో కోసి తులసిమొక్క పెట్టేసింది.

అత్త వచ్చి తన నోటితో గట్టిగా అడిగితే ఆయన వింటాడని నా నమ్మకం. వెళ్ళి బతిమాలాను.

"వొద్దురా. ఆ కిటికీ కాడ ఇప్పుడు కూసున్నదానికి ముగ్గురు పిల్లలు. దాన్ని పిక్కల్లోకి తోసి నాను కూసోనా?"

"మరి నీ మాట?"

"గీత ఒకటేనని నాకు తెలిసినాది కదా. సాలు."

ఆ మాట వినగానే నాకు తేలికపడింది. షావుకారు ముందు మళ్ళీ నిలబడక్కర్లేదని. ఇవాళ ఆలోచిస్తే, గీత తుడిచినందుకంటే అలా తేలికపడినందుకే ఎక్కువ సిగ్గేస్తుంది.

ఆ మర్నాటి నుంచి ఆమె బియ్యం ఒక్కసారే ఏరి ఎసట్లో పోసేది. షెడ్డులో మాత్రం ఒళ్ళు సాగినన్నాళ్ళూ పిక్కలు కొట్టింది. మా ఇంట్లో ఎవరికీ అత్త ఈ సంగతి చెప్పలేదు, టెక్కలిదాకా పోనివ్వలేదు. తర్వాత మా ఉద్దానం మనుషులకు వచ్చే ఆ కిడ్నీ జబ్బే ఆమెకూ వచ్చింది. ఆస్పత్రికి నా ఆటోలోనే తీసుకెళ్ళేవాణ్ణి. "గోతులన్నీ ఏరి ఏరి ఎక్కిత్తన్నావు. ఏరడం నా కాడే నేర్సినావేటి?" అని వెనక సీట్లోంచి అనేది. నేను నవ్వలేకపోతే ఆమే నవ్వేది.

మొన్న ఆమెను వసారాలో చాప మీద పడుకోబెట్టారు. కొట్టులో పనిచేసే ఆడవాళ్ళంతా వచ్చారు. ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక మాటల్లో పడ్డారు. ఎవరో సబ్బుల సంగతి ఎత్తి, "నువ్వే సెప్పు, నువ్వు సెప్తేనే బాగుంటాది," అన్నారు. చెప్పాను. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వారు. అక్కడ ఆగలేదు. డబ్బా గురించీ చెప్పాను. గీత ఒక్కటేనని, అత్త తప్పు రాయలేదని, తువ్వాలుతో తుడిచింది నేనేనని, అందరి ముందూ చెప్పాను.

"సచ్చినోడు, సావింట్లో కూడా నవ్విత్తాడు," అంది ఒకావిడ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

"ఒట్టు," అన్నాను.

ఒట్టనేసరికి ఇంకా నవ్వారు.

ఒక్కతి నవ్వలేదు. కొట్లో కిటికీ దగ్గర, అత్త చోట్లో ఇప్పుడు కూర్చుంటున్న మనిషి. అత్త తల పక్కనే ఉంది. నావైపు చాలాసేపు చూసింది. చీర కుచ్చిళ్ళు దగ్గరకు తీసుకుని, లేచి, గోడ వారకు జరిగి కూర్చుంది. అత్త తల పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీ అయింది. నన్ను కూర్చోమందో, తను అక్కడ కూర్చోలేకపోయిందో నాకు తెలియలేదు. నేనున్న చోటే ఉండిపోయాను. వచ్చినవాళ్ళు వచ్చి పూలు వేసి వెళ్ళారు. పాడె ఎత్తడానికి మగవాళ్ళు లోపలికి వచ్చేదాకా ఆ చోట్లో ఎవరూ కూర్చోలేదు. ఆమె లేచిన చోట చాప కొంచెం నలిగి, అలాగే ఉంది.