మార్చుకోదగిన ప్రశ్నపత్రం

లాల్‌దర్వాజాలో మా ఇంటి కింద గాజుల దుకాణం నడిపే అతను, గాజులు కొన్నవాళ్లందరికీ కంప్యూటర్‌ను నడిపే లైనక్స్ అనే సిస్టం సీడీ ఊరికే ఇచ్చేవాడు. వాళ్లింట్లో కంప్యూటర్ ఉందో లేదో అతనికి అనవసరం. నా కంప్యూటర్లోనూ అదే ఎక్కించాడు. తెల్లారితే నేను పాఠాలు చెప్పే కాలేజీలో పరీక్ష, ప్రశ్నపత్రం తీద్దామంటే ప్రింటరేమో కదలదు.

"పాతదే మళ్లీ పెట్టు," అన్నాను.

"సిస్టం మంచిదే అక్కా, ప్రింటర్‌కే తెలివి లేదు," అంటూ తెర మీది ప్రశ్నపత్రాన్ని చేత్తో రాసుకుపోయి, పొద్దున్నే జిరాక్సులు తెచ్చిచ్చాడు. సీడీల మీద రాసే మాటే దాని కిందా రాశాడు: ‘ఎవరైనా మార్చుకోవచ్చు, మార్చింది నలుగురికీ పంచాలి.’ పిల్లలు తమకు రాని ప్రశ్నలన్నీ మార్చుకుని రాశారు.

ప్రిన్సిపాల్ నన్ను సంజాయిషీ అడిగాడు. నేను తిన్నగా దుకాణం మీదికి వెళ్లాను.

"మార్చినయి తెచ్చినవా అక్కా?" అంటూ అతను చెయ్యి చాపాడు.